అమ్మా, పరుగెత్తుదామా?



ఇవాళ మీకొక పరుగుపందెం గురించి చెబుతాను. పందెంలో దిగింది ఒక్కరే. గెలిచిందీ ఆవిడే.

2017 ఏప్రిల్ నెల, న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరం. అక్కడ ప్రపంచ మాస్టర్స్ క్రీడలు జరుగుతున్నాయి. పాతికవేల మందికి పైగా ఆటగాళ్ళు దేశదేశాల నుంచి వచ్చారు. నూరు మీటర్ల పరుగులో నూరేళ్ళు దాటిన మహిళల విభాగమని ఒకటుంది. ఆ విభాగానికి వచ్చింది మన దేశం నుంచి మాన్ కౌర్ అనే పంజాబీ ముసలావిడ. వయసు 101. నూరు మీటర్లూ పరుగెత్తి గీత దాటింది. పట్టిన సమయం 74 సెకన్లు.

రేడియోలో పనిచేసేవాళ్ళకి సెకన్ల లెక్క బాగా తెలుస్తుంది. 74 సెకన్లంటే, వార్తల్లో ముఖ్యాంశాలు చదివి, ఒకసారి ఊపిరి పీల్చుకుని, మొదటి వార్త అందుకునేంత సేపు. అదే నూరు మీటర్లు ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లలో పరుగెత్తాడు. మాన్ కౌర్ ఒక్కసారి గీత దాటేలోపు ఆయన ఏడుసార్లు దాటి, ఎనిమిదో పరుగులో ఉంటాడు. అయినా ఆరోజు ఆక్లండ్‌లో జనం చప్పట్లు కొట్టింది మాన్ కౌర్‌కే. ఆవిడేమో చేతులు పైకెత్తి చిన్నగా ఒక చిందు కూడా వేసింది.

"ఒక్కరే పరుగెత్తితే అదేం గెలుపండీ?" అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. న్యాయమైన సందేహమే. కానీ ఒక్క సంగతి గమనించండి. ఆ పందేనికి అర్హత సంపాదించడానికే నూరేళ్ళు పడుతుంది. ఆవిడతో పాటు పుట్టినవాళ్ళలో చాలామంది లేరు. ఉన్నవాళ్ళలో చాలామంది మంచం దిగరు. దిగేవాళ్ళలో నూరు మీటర్లు నడవగలిగేవాళ్ళు కొద్దిమంది. ఇంతమందీ తప్పుకున్న తరవాత మిగిలిన పందెం అది. పోటీదార్లు లేకుండా గెలిచిందని నేననలేను. పోటీదార్లు దారిలో ఆగిపోయారు, అంతే.

మాస్టర్స్ అథ్లెటిక్స్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. ముప్పై అయిదేళ్ళు నిండినవాళ్ళ కోసం పెట్టిన పోటీలివి. అయిదేళ్ళకొక విభాగం: 35 నుంచి 39, 40 నుంచి 44, అలా పైకి పోతూ ఉంటుంది. వయసును బట్టి బరువులు తగ్గుతాయి. డెబ్భై అయిదు దాటిన మహిళలు విసిరే ఇనపగుండు రెండు కిలోలు, బల్లెం నాలుగువందల గ్రాములు. మాన్ కౌర్ ఆక్లండ్‌లో పరుగుతో ఆగలేదు. గుండూ విసిరింది, బల్లెమూ విసిరింది. అక్కడి పత్రికలవాళ్ళు ఆవిడకి, ఉంటున్న ఊరి పేరుతో, "చండీగఢ్ అద్భుతం" అని పేరు పెట్టారు.

అద్భుతమనే మాట నాకంత నచ్చలేదు. అద్భుతమంటే మనం చేతులు జోడించి, పక్కకి తప్పుకోవచ్చు. ఆవిడ జీవితం చూస్తే అలా తప్పుకోవడానికి వీలుండదు.

మాన్ కౌర్ 1916 మార్చి 1న పుట్టింది. పటియాలా ఊరు. చిన్నతనంలోనే తల్లి పోతే తాతల ఇంట పెరిగింది. పెద్దయ్యాక పటియాలా రాజుగారి కోటలో ఆయా ఉద్యోగం. రాజుల బిడ్డల్ని ఎత్తుకోవడం, ఆడించడం, అన్నం తినిపించడం, వెంటపడి పట్టుకురావడం. ఆయా ఉద్యోగమంటే సగం పరుగే కదా! అయితే ఆ పరుగుని ఎవరూ సెకన్లలో కొలవరు.

ఇక్కడ నాకు తమాషాగా తోచే విషయం ఒకటుంది. అది ఏ కోట? క్రికెట్ పిచ్చి ఉన్న కోట. పటియాలా మహారాజు భూపీందర్ సింగ్ 1911లో భారత క్రికెట్ జట్టుకి నాయకుడిగా ఇంగ్లండు వెళ్ళాడు. ఇవాళ మనం చెప్పుకునే రంజీ ట్రోఫీ కప్పు ఇచ్చింది ఆయనే. ఆయన కొడుకు యాదవీంద్ర సింగ్ 1934లో మద్రాసులో ఇంగ్లండు మీద టెస్టు మ్యాచ్ ఆడాడు. కోట నిండా ఆటలే. ఆ ఆటల మధ్య బిడ్డని చంకనేసుకుని తిరుగుతున్న ఆయా ఒక క్రీడాకారిణి అని ఎవరికి తడుతుంది?

తట్టకపోవడంలో వాళ్ళ తప్పు కూడా లేదనుకోండి. ఆడవాళ్ళు పరుగెత్తడమన్నదే అప్పటికి లోకానికి కొత్త. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి పరుగుపందాలు పెట్టింది 1928లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. అప్పటికి మాన్ కౌర్‌కి పన్నెండేళ్ళు. ఆ ఏడు ఎనిమిదివందల మీటర్లు పరుగెత్తినవాళ్ళలో కొందరు అలసిపోయి కూలబడ్డారని, ఇది ఆడవాళ్ళ ఒంటికి పడదని తేల్చేసి ఆ పందేన్నే తీసేశారు. మళ్ళీ పెట్టడానికి 1960 దాకా ఆగాల్సి వచ్చింది. మన దేశం నుంచి ఆడవాళ్ళు మొదటిసారి ఒలింపిక్స్‌లో పరుగెత్తింది 1952లో, హెల్సింకీలో, నీలిమా ఘోష్, మేరీ డిసౌజా. అప్పటికి మాన్ కౌర్‌కి ముప్పై ఆరు. పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం, సంసారం.

తరవాతి రోజుల్లో ఆ రాజుల పాత మోతీబాగ్ కోటలోకే జాతీయ క్రీడాసంస్థ వచ్చి చేరింది. 1961లో. మన జిల్లాల్లో ఏ స్టేడియానికి వెళ్ళినా "ఆయన ఎన్‌.ఐ.ఎస్. కోచ్" అని గొప్పగా చెబుతారు చూడండి, ఆ ఎన్‌.ఐ.ఎస్. అదే. దేశానికి కోచ్‌లనిచ్చే ఊరిదే అయినా, మాన్ కౌర్ మాత్రం తొంభై మూడేళ్ళ దాకా ఒక్క పందెంలోనూ పరుగెత్తలేదు.

ఆవిడకి కోచ్ ఆ కోటలోంచి రాలేదు, ఇంట్లోంచి వచ్చాడు. పేరు గురుదేవ్ సింగ్, ఆవిడ కొడుకు. ఆయన కూడా కుర్రవాడేం కాదు. తనూ మాస్టర్స్ పోటీల్లో దిగేవాడు. 2009లో ఒకరోజు తల్లిని చూశాడు. మోకాళ్ళ నొప్పి లేదు. గుండెజబ్బు లేదు. ఇంకేం, నువ్వూ పరుగెత్తకూడదా అమ్మా, అన్నాడు. పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయం ట్రాక్ మీదికి తీసుకెళ్ళాడు. నాలుగువందల మీటర్లు, అంటే ఒక పూర్తి చుట్టు, పరుగెత్తి చూడమన్నాడు. ఆవిడ నెమ్మదిగా ఆ చుట్టు పూర్తి చేసింది. ఆవిడకి నచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళారు.

నేనివాళ ఈ మైకు ముందుకు వచ్చింది, నిజం చెప్పాలంటే, ఈ ఒక్క ముక్క చెప్పడానికి. తొంభై మూడేళ్ళ తల్లిని కొడుకు ఒక పని అడిగాడు.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఏం లోటు చెయ్యం. వేళకి మందులిస్తాం. పక్క సర్దుతాం. టీవీలో భక్తి ఛానల్ పెడతాం. "నువ్వు కూర్చో అత్తయ్యా, నేను చూసుకుంటాగా" అంటాం. "ఈ వయసులో నీకెందుకమ్మా అవన్నీ" అంటాం. ఎంత ప్రేమ! కానీ వాళ్ళని ఏమీ అడగం. కూర తరగమని అడగం, తెగుతుందని. బజారుకి పొమ్మనం, పడిపోతారని. చివరికి వాళ్ళ అభిప్రాయం కూడా అడగం, ఎందుకొచ్చిన గొడవ అని. కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోవడమే వాళ్ళకి మనమిచ్చిన ఉద్యోగం. తీరా ఒకరోజు కాళ్ళల్లో సత్తువ లేదని వాళ్ళంటే, వయసు కదా అంటాం. సత్తువ పోయింది వయసు వల్ల ఎంత, మన మర్యాద వల్ల ఎంత అన్నది ఎవరూ లెక్క కట్టరు.

కొందరు కట్టారు. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో వైద్యులు వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ చుట్టుపక్కల వయసున్న పదిమందిని తీసుకున్నారు. బాగా బలహీనంగా ఉన్నవాళ్ళు. ఎనిమిది వారాలపాటు వాళ్ళ కాళ్ళకి బరువులతో కసరత్తు చేయించారు. పూర్తిచేసినవాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే రెండున్నర రెట్లు దాటింది. తొంభైలో కూడా కండ మాట వింటుందన్నమాట. చెప్పేవాళ్ళుండాలి.

మాన్ కౌర్ విషయంలోనూ అదే కనిపిస్తుంది. 2016లో, నూరేళ్ళ వయసులో, కెనడాలోని వాంకోవర్‌లో నూరు మీటర్లు పరుగెత్తితే ఒక నిమిషం 21 సెకన్లు పట్టింది. మరుసటి ఏడు ఆక్లండ్‌లో 74 సెకన్లు. ఏడాది వయసు పెరిగింది, ఏడు సెకన్లు తగ్గాయి.

ఆవిడ దినచర్య చాలా పత్రికల్లో వచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచేది. స్నానం, తన బట్టలు తనే ఉతుక్కోవడం, టీ, తరవాత ఏడింటి దాకా ప్రార్థన. ఆ తరవాత ట్రాకు. ఒకరోజు యాభై మీటర్లు, ఒకరోజు నూరు, ఇంకోరోజు రెండువందలు. మొలకెత్తించిన గోధుమల పిండితో రొట్టెలు, ఇంట్లో తీసిన సోయా పాలు, గింజలు, పళ్ళరసాలు. ఈ తిండి జాబితాని మాత్రం మనవాళ్ళు తెగ ప్రచారం చేశారు, అదేదో సంజీవని అన్నట్టు. దాంట్లో తప్పుపట్టడానికి ఏమీ లేదు, మంచి తిండే. కానీ మోకాళ్ళ నొప్పి లేకుండా తొంభై మూడుకి ఎలా చేరింది అన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు మొలకల్లో కన్నా ఆ "బట్టలు తనే ఉతుక్కోవడం"లో ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది. నూరేళ్ళ మనిషి తెల్లారగట్ట పంపు దగ్గర కూర్చుని జాడించి, పిండి, లేచి ఆరేస్తోంది. కూర్చోవడం, లేవడం, చేతులు పైకెత్తడం. ఆ ఇంట్లో "నేనుతుకుతాలే" అని అడ్డుపడకుండా ఊరుకున్నవాళ్ళకి నా నమస్కారం.

మన అమ్మమ్మలూ నాయనమ్మలూ దేవుణ్ణి ఒకే కోరిక కోరతారు: "కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే తీసుకుపో స్వామీ" అని. ఆ కోరిక దేవుడికి చెప్పేదే గాని, ఇంట్లోవాళ్ళ చేతిలోనూ కొంత ఉందని వాళ్ళకీ తట్టదు, మనకీ తట్టదు.

పంజాబు నుంచే ఇంకొక పెద్దాయన ఉండేవాడు. మీకు పేరు తెలిసే ఉంటుంది, ఫౌజా సింగ్. 2000లో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో, లండన్ మారథాన్ పరుగెత్తాడు. నూరేళ్ళకి టొరంటోలో మళ్ళీ మారథాన్ పూర్తిచేశాడు. పుట్టినతేదీ ధ్రువపత్రం లేదని గిన్నిస్ పుస్తకంవాళ్ళు నమోదు చేసుకోలేదు.  సరే, నేను చెప్పబోయేది వేరే. ఫౌజా సింగ్ పరుగు మొదలుపెట్టింది కొడుకు ప్రమాదంలో పోయాక, ఆ దుఃఖంలోంచి. మాన్ కౌర్ పరుగెత్తింది పక్కన కొడుకుంటే, ఆ సంతోషంలోంచి. ఇద్దరి కాళ్ళనీ కదిలించింది కన్నపేగే.

విదేశాల్లో ఏ పోటీకి వెళ్ళినా పక్కన గురుదేవ్ ఉండేవాడు. ఆవిడ మాట్లాడేది పంజాబీలో. విలేకరులు ఇంగ్లీషులో అడిగితే కొడుకు తల్లి చెవిలో చెప్పేవాడు, తల్లి చెప్పింది మళ్ళీ వాళ్ళకి చెప్పేవాడు. ఆక్లండ్‌లో పరుగయ్యాక ఆవిడ చెప్పిన మాటల సారం, మళ్ళీ పరుగెత్తుతాను, మానేది లేదు అని. ఆ ఊళ్ళోనే స్కై టవర్ అని పెద్ద గోపురం ఉంది. 192 మీటర్ల ఎత్తున, బయటివైపు, కటకటాలు లేని సన్నటి బాట మీద ఒంటికి తాడు కట్టుకుని నడుస్తారు. పరుగుతో సరిపెట్టుకోక ఆ నడకా నడిచి వచ్చింది. మేడ మీద పిట్టగోడ దగ్గరికి మన ముసలివాళ్ళు వెళితేనే మన గుండెలు గుభేలుమంటాయి. ఆ కొడుకు మాత్రం తల్లితో "వద్దమ్మా" అనలేదు.

అదే ఏడు చైనాలో ఆసియా మాస్టర్స్ పోటీలు జరిగాయి. వీసా దొరక్క ఆవిడ వెళ్ళలేకపోయింది. 2018లో స్పెయిన్‌లోని మలాగాలో రెండువందల మీటర్లు. వయసు 102. పట్టిన సమయం మూడు నిమిషాల 14 సెకన్లు. బంగారు పతకం. 2019లో పోలండ్‌లోని టొరూన్‌లో నాలుగు బంగారు పతకాలు. 2020 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, రాష్ట్రపతి చేతుల మీదుగా నారీశక్తి పురస్కారం అందుకుంది. అప్పటికి నూటనాలుగు నిండి వారం రోజులు.

ఆ తరవాత కరోనా వచ్చి మైదానాలన్నీ మూతపడ్డాయి. 2021లో ఆవిడ జబ్బుపడింది. క్యాన్సర్. చండీగఢ్ పక్కనే ఉన్న డేరాబస్సీలో చికిత్స చేయించారు. జూన్ నెలలో అదే చండీగఢ్‌లో పరుగుల వీరుడు మిల్ఖా సింగ్ కన్నుమూశాడు. అంతకు అయిదురోజుల ముందు ఆయన భార్య నిర్మల్ కౌర్ పోయింది. ఆవిడా ఒకప్పుడు భారత వాలీబాల్ జట్టుకి నాయకురాలే. ఆ ఊరికి అచ్చిరాని వేసవి అది. జూలై 31న మాన్ కౌర్ కూడా వెళ్ళిపోయింది. 105 ఏళ్ళు. అదేరోజు టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల నూరు మీటర్ల ఫైనల్. జమైకా అమ్మాయి ఎలైన్ థాంప్సన్ హెరా 10.61 సెకన్లలో పరుగెత్తి, 1988 నుంచి ఉన్న ఒలింపిక్ రికార్డుని తిరగరాసింది. మర్నాటి పత్రికల్లో ఆ వార్తా, ఈ వార్తా కూడా వచ్చాయి. ఎవరికి ఎంత చోటిచ్చారో మీరూహించగలరు.

ఈ కథంతా ఈ ప్రసంగం రాసుకునే ముందు మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడకి ఎనభై రెండు. శ్రద్ధగా విన్నారు. నేను ఆశించినట్టు "ఆహా" అనలేదు, "ఏం పుణ్యం చేసుకుందో" అనీ అనలేదు. రెండు ప్రశ్నలు వేశారు.

"ఆవిడకి షుగరు లేదా అమ్మాయ్?"

లేదనుకుంటా అత్తయ్యా, అన్నాను.

"ఆ కొడుక్కి ఉద్యోగం లేదా? అమ్మ వెంట అలా తిరగడానికి?"

రిటైరయ్యాడండీ, అన్నాను.

కాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. తరవాత, వేరే ఏదో మాట్లాడుతున్నట్టుగా, "నన్ను పాలప్యాకెట్టుకి పంపి ఎన్నాళ్ళయిందో" అన్నారు. మాది అపార్ట్‌మెంటు. లిఫ్టు దిగి గేటు దాటితే నాలుగో కొట్టు. ఆమెని పంపడం మానేసింది నేనే. ఒకసారి వాన పడ్డప్పుడు కాలు జారిందని.

ఇప్పుడు పాలు ఆవిడే తెస్తున్నారు. పొద్దున్న ఆరుకి చేతికర్ర, గుడ్డసంచీ పుచ్చుకుని దిగుతారు. మొదటిరోజు నేను బాల్కనీలోంచి చూస్తూ నిలబడితే, కింది నుంచి తలెత్తి "లోపలికి పో, కాఫీ డికాషన్ వెయ్యి" అన్నారు. కొట్టతను చిల్లర లేదంటూ చాక్లెట్లిచ్చే అలవాటు మానుకున్నాడట. మొన్న పాత లెక్కలో రావలసిన నాలుగు రూపాయలు కూడా వసూలు చేసుకొచ్చారు. ఇంట్లో ఎవరికీ ఆ నాలుగు రూపాయల సంగతి గుర్తు లేదు.